మినిట్స్ పుస్తకంలో కనిపించనివారు: తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీలు

1854 జనవరి 1. తెల్లవారుతూ ఉండగా ఒంగోలు పక్కనున్న కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. అప్పటికి నెల్లూరు మిషన్ పరిస్థితి ఏమంత బాగా లేదు. ఏళ్ల తరబడి డబ్బు ఖర్చవుతోంది, సంఘంలో చేరినవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. దాన్ని మూసేయడమే మంచిదేమోనని 1853లో అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. అది సద్దుమణిగాక ఈ అయిదుగురూ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు స్థిరపడింది.

కొండెక్కిన అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు. కథ చెప్పేటప్పుడు మాత్రం అది జ్యూయెట్ దొరగారి ప్రార్థనే అవుతుంది. ఆయన భార్య 'దొరసానిగారు'గా మిగిలిపోయింది. జూలియా, రూతులకు ఆపాటి హోదా కూడా దక్కలేదు. జనం నోట నిలిచిన కథలో ఆ రెండు పేర్లకు ముందు ఇంటిపేరు ఉండదు, వెనక ఊరిపేరు ఉండదు.

స్మారక ఉపన్యాసానికి ఒక పేరు ఉండాలి. ఎవరో ఒక పెద్దమనిషి జ్ఞాపకార్థం కుటుంబమో శిష్యులో నిధి ఏర్పాటు చేస్తారు, ఏటా ఒకరు వచ్చి మాట్లాడతారు. ఈ ఉపన్యాసాన్ని జూలియా, రూతుల వరసలో వచ్చిన వందలాది బైబిలు స్త్రీల జ్ఞాపకానికి సమర్పించడం ఉచితం. ఇక్కడ వాదించబోయేది ఒకటే మాట. తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీలు పని ముందు చేశారు, ఆ పనికి తగిన పదవి వంద సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది. ఆ వందేళ్ల పని తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకాల్లో దొరకదు. జీతాల పట్టీల్లో, కానుకల లెక్కల్లో, ఆస్పత్రి రిజిస్టర్లలో వెతకాలి.

ఈ మరపు మిషన్ల కాలంలో పుట్టింది కాదు. లూకా సువార్త ఎనిమిదో అధ్యాయం తెరిస్తే యేసు, శిష్యులు ఊరూరా తిరుగుతున్నప్పుడు వారి ఖర్చులు తమ ఆస్తిలోంచి భరించిన స్త్రీలు కనిపిస్తారు: మగ్దలేనే మరియ, హేరోదు ఉద్యోగి కూజా భార్య యోహన్న, సూసన్న, మరికొందరు. పన్నెండుమంది శిష్యుల పేర్లు సండేస్కూలు పిల్లలు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. ఆ ప్రయాణానికి డబ్బు పెట్టినవారి పేర్లు చెప్పమంటే పెద్దలు కూడా తడుముకుంటారు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం ఇంకా చిత్రం. అక్కడ పేరుతోనో బంధుత్వంతోనో పౌలు తలచుకున్నవారిలో పదిమంది స్త్రీలు. పత్రికను రోముకు పట్టుకుపోయినట్టు పండితులు భావించే ఫీబే మొదటి పేరు. ఆ జాబితాలో ఒక యూలియా కూడా ఉంది. ఒంగోలు కొండెక్కిన జూలియాదీ అదే పేరు. ఆరాధనలో వాక్యపఠనానికి ఈ అధ్యాయం వచ్చినప్పుడు, ఉత్త పేర్ల పట్టిక కదా అని పైపైన చదివేసి ముందుకు పోవడం చాలా చోట్ల జరిగేదే.

బైబిలు స్త్రీ అనే ఉద్యోగం లండన్‌లో మొదలైంది. 1857లో ఎలెన్ రేన్యార్డ్ అనే ఆమె అక్కడి పేదవాడల్లోకి ఆ వాడలకే చెందిన స్త్రీలను జీతమిచ్చి పంపింది. చేతిలో బైబిలు, నోట తన వాడ మాట. ఈ పద్ధతి భారతదేశంలోని మిషన్లకు వెంటనే నచ్చింది. ఎందుకంటే ఇక్కడ మిషనరీలకు ఒక గోడ అడ్డుపడింది. పురుష మిషనరీ బజారులో ప్రసంగం చేయగలడు, ఘోషా పాటించే ఇంటి గడప దాటలేడు. తెల్ల దొరసాని గడప దాటగలదేమో గాని భాష రాదు, మర్యాదలు తెలియవు. రెండూ తెలిసిన మనిషి కావాలి. వితంతువులు, భర్త వదిలేసినవారు, ఉపదేశకుల భార్యలు, మిషన్ బోర్డింగు స్కూళ్లలో నాలుగక్షరాలు నేర్చిన పిల్లలు ఈ పనిలోకి వచ్చారు.

వారి పని ఎలా ఉండేదంటే, పొద్దున్నే సంచిలో బైబిలు, వాచకం, కీర్తనల పుస్తకం, బొమ్మల పటాలు పెట్టుకుని బయలుదేరాలి. ఒక ఇంట్లో కోడలికి అక్షరాలు దిద్దించాలి, మరో ఇంట్లో కుట్టుపని నేర్పాలి, ఇంకో ఇంట్లో జ్వరంతో పడుకున్న పిల్ల దగ్గర కూర్చోవాలి. మధ్యలో వీలు చూసుకుని ఒక కథ చెప్పాలి, ఒక కీర్తన పాడాలి. చదువురాని సంఘాల్లో కీర్తనలే వేదాంతం. రక్షణ గురించీ క్షమాపణ గురించీ పల్లెల్లో జనానికి తెలిసిందంతా చాలావరకు పాటగా తెలిసిందే. ఆ పాటలు కట్టిన కవుల పేర్లు కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. వాటిని ఇంటింటికీ మోసి, తప్పుల్లేకుండా నేర్పినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

జీతం నెలకు కొద్ది రూపాయలు. అది కూడా చాలాసార్లు సముద్రం అవతలి నుంచి రావాలి. అమెరికాలోనో కెనడాలోనో ఒక చర్చిలోని స్త్రీల సంఘం పైసా పైసా కూడబెట్టి ఒక బైబిలు స్త్రీని 'పోషించేది'. ఏటా వెలువడే నివేదికలో దాత సంఘం పేరు స్పష్టంగా ఉంటుంది. పని చేసిన మనిషి మాత్రం 'మన బైబిలు స్త్రీ' అవుతుంది, మహా అయితే రాహేలో మార్తయో అవుతుంది. దాతల కృతజ్ఞతను తక్కువ చేయాల్సిన పని లేదు. ఆ దూరదేశపు స్త్రీలు కూడా తమ సంఘాల్లో ఓటు లేనివారే, తమ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో పురుషుల బోర్డులతో పోరాడినవారే. అయినా దాత పేరు మిగిలి పని చేసిన మనిషి పేరు పోవడం చూస్తే నివేదిక ఎవరి కోసం రాసిందో అర్థమైపోతుంది.

ఇందులో కులం ముడి ఒకటుంది. కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో క్రైస్తవంలోకి గుంపులుగా వచ్చినవారు మాల, మాదిగ కులాలవారు. బైబిలు స్త్రీలలో ఎందరో ఆ పల్లెల నుంచి వచ్చినవారే. ఊళ్లోకి చెప్పులు వేసుకుని నడవనివ్వని రోజుల్లో అలాంటి పల్లెలో పుట్టిన ఒక స్త్రీ, చేతిలో పుస్తకంతో, చదువు చెప్పే మనిషిగా ఇంకొకరి వాకిట్లో నిలబడడం మామూలు విషయం కాదు. అన్ని వాకిళ్లూ తెరుచుకోలేదు. తెరుచుకున్నచోట కూడా అరుగు మీదే కూర్చోబెట్టిన ఇళ్లు ఉన్నాయి. తెలుగు నేల మీద అణగారిన కులాల స్త్రీ ఉపాధ్యాయురాలు ఎప్పుడు మొదలైందని వెతికే చరిత్రకారులు ఈ అరుగుల దగ్గర ఆగాలి.

రాతలో పేరు మిగలకపోవడానికి ఇంకో రకం ఉదాహరణ ఒంగోలులోనే ఉంది. జాన్ క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన విదుషి. ఆమె పరిశోధన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద. అది 1898లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడే ఒంగోలు ప్రాంతపు మాదిగల జీవితం మీద 'వైల్ సూయింగ్ శాండల్స్' ప్రచురించింది. చెప్పులు కుట్టుకుంటూ వాళ్లు చెప్పిన కథలను, వాళ్ల గురువులను, వేల్పులను, తొలితరం విశ్వాసులను రాసి పెట్టిన పుస్తకమది. మాదిగల మౌఖిక చరిత్ర కోసం ఇవాళ్టికీ తెరవాల్సిన గ్రంథాల్లో ఒకటి. క్లౌ 1910లో పోయాడు. ఆయన ఆత్మకథ 1914లో వచ్చింది, 'నేను' అంటూ ఆయన గొంతుతోనే సాగుతుంది. రాసింది ఎమ్మా. రచయిత స్థానంలో క్లౌ పేరు ఉంది, ఆయన కోసం రాసిపెట్టిన భార్యగా ఆమె పేరు ఉంది. ఒంగోలు మేల్కొలుపు గురించి ప్రపంచం చదువుకున్నదాంట్లో చాలా భాగం ఆమె కలం నుంచి వచ్చిందే.

గుంటూరుకు వస్తే, అక్కడ కథ ఆస్పత్రుల కథ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ఆనా సారా కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియాలో పుట్టింది. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టా తీసుకుంది. గుంటూరులో స్త్రీలు పురుష వైద్యుడికి చూపించుకోలేక, చూపించుకోనివ్వక చనిపోతున్నారని అక్కడి మిషన్ నుంచి వెళ్లిన ఉత్తరం ఆమెను కదిలించింది. లూథరన్ స్త్రీల మిషనరీ సంఘానికి దరఖాస్తు పెట్టుకుంది. సంఘం ఆమెను తీసుకుంది గాని డాక్టరుగా కాదు. వైద్యపని మొదలుపెట్టేందుకు సంఘం ఇంకా సిద్ధంగా లేదు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పడానికి పంపింది. 1883లో ఆమె గుంటూరు చేరింది.

చేతిలో పట్టా ఉంది, పని మాత్రం బడి. రోగులు ఆగుతారా! మొదటి ఏడాదే తను ఉంటున్న చోట 276 మందికి, వాళ్ల ఇళ్లకు వెళ్లి 185 మందికి వైద్యం చేసింది. మందుల ఖర్చుకు మిషన్ నుంచి పైసా లేదు. ఆమె ముట్టుకుంటే మైల అనుకుని, ఆమె వెళ్లిపోయాక స్నానం చేసి బట్టలు మార్చుకునే ఆచారపరుల ఇళ్లలోకే ఆమెను పిలిపించుకునేవారు. కాన్పు కష్టమైనప్పుడు ఆచారం కాస్త పక్కకు తప్పుకునేది. రెండేళ్లు ఇలా గడిచాక, 1885 చివర్లో, సంఘం ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. ఆమె చేస్తున్న పనికే ఆమెను నియమించిందన్నమాట. ఈ ఉపన్యాసంలో చెబుతున్న వరస ఇదే, కాకపోతే ఇక్కడ ఆలస్యం రెండేళ్లే.

1886లో డిస్పెన్సరీ, 1897లో ఆస్పత్రి వచ్చాయి. ఇటుక ఇటుకకూ డబ్బు అమెరికా లూథరన్ స్త్రీల కానుకల నుంచి రావాలి, వచ్చేదాకా ఆగాలి. స్థానికులు కూడా ఊరికే చూస్తూ కూర్చోలేదు. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు కుటుంబం ఈ ఆస్పత్రిలో పొందిన వైద్యానికి కృతజ్ఞతగా రోగుల బంధువులు దిగడానికి సత్రం కట్టించింది. మతం మార్చడానికి వచ్చిన డాక్టరమ్మ ఆస్పత్రి పక్కన, హిందువుల వంటావార్పూ వారి పద్ధతిలో సాగేందుకు ఒక హిందూ జమీందారు కట్టించిన సత్రం! మత చరిత్రలు రాసేవారు ఇరువైపులా ఇలాంటి వాటిని ఇబ్బందిగా దాటేస్తారు. గుంటూరు జనానికి మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. కుగ్లర్‌కు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1930 జూలైలో ఆమె గుంటూరులోనే చనిపోయింది. అప్పటికి వచ్చి 47 ఏళ్లు కావస్తోంది. ఆస్పత్రికి ఆమె పేరే పెట్టారు. గుంటూరులో ఆటో ఎక్కి కుగ్లర్ ఆస్పత్రి అంటే అంతకుమించి గుర్తులు చెప్పనక్కర్లేదు.

ఆమె బతికుండగానే అదే ఊరికి మరో స్త్రీ డాక్టరు వచ్చింది. ఈమె కథోలిక మఠకన్య. మేరీ గ్లౌరీ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టి, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1910లో పట్టా పొందింది. కంటి వైద్యంలో మంచి ప్రాక్టీసు ఉంది. స్కాట్లాండ్ డాక్టరు ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి 1915లో ఒక చిన్న పుస్తకం చదివి, తన చోటు భారతదేశమని నిర్ణయించుకుంది. 1920లో గుంటూరు వచ్చి, 1904 నుంచి అక్కడ పనిచేస్తున్న డచ్చి జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరింది.

ఆమెకు అడ్డువచ్చింది ఇక్కడి ఆచారం కాదు, రోము చట్టం. మఠకన్యలు వైద్యం చేయడాన్ని, అందులోనూ కాన్పులు చేయడాన్ని, ఆనాటి శ్రీసభ నియమాలు ఒప్పుకునేవి కావు. పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాకే సిస్టర్ మేరీ స్టెతస్కోపు పట్టగలిగింది. ఆ నిషేధాన్ని అందరికీ ఎత్తేసింది 1936లో. అంటే పదహారేళ్లపాటు ఆమె మినహాయింపు మీద బతికిన డాక్టరు. ఆ కాలంలో చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రి అయ్యింది. స్థానిక అమ్మాయిలకు ఆమె మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సింగు నేర్పింది. పల్లెలకు ఎద్దుబండి మీద వెళ్లేది. విడివిడిగా నడుస్తున్న కథోలిక ఆస్పత్రులను ఒక తాటి మీదికి తేవాలని 1943లో మరికొందరు సిస్టర్లతో కలిసి ఒక సంఘం పెట్టింది. ఇవాళ దేశమంతటా వేలాది ఆరోగ్య సంస్థలు సభ్యులుగా ఉన్న ఆ సంఘం కేంద్ర కార్యాలయం సికింద్రాబాదులో ఉంది. ఆమె కలలుగన్న కథోలిక వైద్య కళాశాల బెంగళూరులో 1963లో మొదలైంది. అప్పటికి ఆమె పోయి ఆరేళ్లు. 2013లో రోము ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీత పట్టానికి అది తొలి మెట్టు.

నిజాం రాజ్యంలో ఇజబెల్ కెర్ పేరు చెప్పుకోవాలి. స్కాట్లాండ్ నుంచి, అబర్‌డీన్ వైద్యపట్టాతో, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో వచ్చింది. నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠు రోగులను చూసి వారి వైద్యాన్నే తన పనిగా చేసుకుంది. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి లేచింది. అప్పట్లో కుష్ఠుకు మందంటే చాల్‌మోగ్రా నూనె. తాగితే కడుపులో తిప్పి వాంతి అవుతుంది, రోగి నాలుగు రోజులకే మానేస్తాడు. ఆ నూనెను సూదిమందుగా మార్చే పద్ధతిని కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ మెరుగుపరుస్తున్నప్పుడు డిచ్‌పల్లిలో ఇజబెల్ దాన్ని అందిపుచ్చుకుంది. అక్కడ చేరినవారు ప్రాణం పోయేదాకా పడి ఉండడానికి కాకుండా చికిత్స పొంది ఇంటికి వెళ్లడానికి చేరడం మొదలైంది. ఆమె 1932లో అక్కడే మరణించింది. స్మారక ఫలకాల మీద భార్యాభర్తల పేర్లు జంటగా ఉండడం సహజం. కాకపోతే ఆ ఇద్దరిలో డాక్టరు ఆమె.

పెద్ద డాక్టర్ల గురించి ఇంతసేపు చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది. కుగ్లర్, గ్లౌరీ, కెర్‌ల మీద పుస్తకాలు వచ్చాయి, పతకాలు వచ్చాయి. రాత్రి రెండింటికి వార్డులో మేలుకుని ఉన్నది వేరేవారు. నర్సు పని అంటే పరాయి మగవాడి ఒళ్లు ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రిళ్లు ఇల్లు వదిలి ఉండాలి. పరువున్న ఇళ్లు తమ పిల్లలను ఆ గడప తొక్కనిచ్చేవి కావు. మిషన్ ఆస్పత్రులు తమ సంఘాల అమ్మాయిలను, మంత్రసానుల వద్ద పని చూసిన స్త్రీలను తెచ్చి శిక్షణ ఇచ్చాయి. చాలా కాలం తెలుగు ఊళ్లలో నర్సమ్మ అంటే క్రైస్తవ స్త్రీ అనే అర్థం. తరవాతి తరాల్లో ఆ అమ్మాయిలే ప్రభుత్వాస్పత్రులకు, గల్ఫ్‌కు, ఇంగ్లండుకు వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బుతో తమ్ముళ్లు చదువుకున్నారు, పల్లెల్లో డాబా ఇళ్లు లేచాయి, చర్చికి కొత్త గంట వచ్చింది. గంట మీద చెక్కే పేరు మాత్రం తరచుగా తండ్రిగారిదే.

దోర్నకల్‌లో ఇంకో రకం పని జరిగింది. వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆయన, భార్య అన్బు ఇద్దరూ తిరునల్వేలి తమిళులు. కొత్త భాష, కొత్త నేల. పల్లెకు ఉపదేశకుణ్ణి పంపితే సగం పనే అవుతుందని అజరయ్య దంపతులకు త్వరగానే అర్థమైంది. పల్లెలో ఆడవాళ్లతో మాట్లాడేది ఉపదేశకుడి భార్య. అందుకే దోర్నకల్‌లో శిక్షణకు వచ్చే మగవాడు భార్యాబిడ్డలతో రావాలి, భార్య కూడా పలకాబలపం పట్టాలి. చంటిబిడ్డ ఒళ్లో ఉండగా పాఠం విన్న ఆ స్త్రీలు తర్వాత పల్లెల్లో బడి నడిపారు, కాన్పులకు తోడు వెళ్లారు, కలరా వచ్చినప్పుడు నీళ్లు కాచి తాగమని పోరారు. నియామక పత్రం ఒక్కటే, దాని మీద పేరు భర్తది, జీతమూ భర్తదే.

ఆ భార్య వారసురాలే నేటి 'అమ్మగారు'. అయ్యగారికి బదిలీ అయితే అమ్మగారికీ అయినట్టే. సంఘంలో స్త్రీల మైత్రికి ఆమె నాయకత్వం వహించాలి, సండేస్కూలు చూడాలి, ఎవరింట్లో చావు జరిగినా ముందుగా చేరాలి, వేళకాని వేళ వచ్చినవారికి అన్నం పెట్టాలి. ఆమె టీచరుగానో నర్సుగానో ఉద్యోగం చేస్తుంటే ఇవన్నీ సాయంత్రాల్లోకి సర్దుకోవాలి. ఆమె సరిగ్గా చేయకపోతే పాస్టరుగారి మీద ఫిర్యాదు వెళుతుంది. సరిగ్గా చేస్తే పాస్టరుగారిని మెచ్చుకుంటారు.

కానుకల సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. కూలి డబ్బు మగవాడి చేతిలో ఉంటుంది. ఆడమనిషి చేతిలో ఉండేది వంట గిన్నె. అందుకని ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేయడం దోర్నకల్‌తో సహా తెలుగు సంఘాల్లో ఆనవాయితీ అయ్యింది. వారం చివర ఆ పిడికెళ్లన్నీ చర్చికి చేరతాయి, కొలిచి అమ్ముతారు లేదా పాస్టరుగారింటికి ఇస్తారు. సొంత కాళ్ల మీద నిలబడే సంఘం అని పెద్దలు గర్వంగా చెప్పుకున్నదాని వెనక ఈ బియ్యం ఉంది. అర్ధాకలి రోజుల్లో ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి తగ్గిందో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఆఖరున తినేది ఎవరో అందరికీ తెలుసు.

ఇంత పని ఉన్నా చాలా కాలం స్త్రీలకు ప్రభురాత్రి భోజనం బల్ల వెనక నిలబడే అధికారం ఉండేది కాదు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు శతాబ్దాల తగవులు పక్కనపెట్టి ఒక్కటయ్యారు. బిషప్పు ఎవరు, ఎవరి అభిషేకం చెల్లుతుంది అన్న చర్చలు దాదాపు మూడు దశాబ్దాలు నడిచాయి. అంతటి ఐక్యతలోనూ గురువులందరూ పురుషులే.

నంద్యాల కథ ఇక్కడ ప్రత్యేకం. అక్కడి ఆంగ్లికన్లలో పెద్ద భాగం 1947 ఐక్యతకు ఒప్పుకోలేదు. పాత ఆచారం, పాత క్రమం చెడకూడదని బయటే ఉండిపోయి 1975లో గాని దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. సంప్రదాయానికి అంత పట్టుదలగా కట్టుబడిన ఆ నంద్యాలలోనే, కర్నూలు జిల్లా దిగువపాడుకు చెందిన ఎగ్గోని పుష్పలలిత 1983లో గురువుగా అభిషేకం పొందింది. ముప్ఫై ఏళ్ల పరిచర్య తర్వాత 2013 సెప్టెంబరులో అదే డయోసిస్‌కు బిషప్పు అయ్యింది. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి స్త్రీ ఆమె. పత్రికలు దేశంలోనే తొలి మహిళా బిషప్పు అని రాశాయి. భద్రాచలం ప్రాంతంలో పనిచేసే గుడ్ సమారిటన్ ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి కటాక్షమ్మ 1996లోనే బిషప్పు అయిన సంగతి వాటికి గుర్తు రాలేదు. చిన్న సంఘం, అడవి ప్రాంతం, ఆపైన స్త్రీ. మరపుకు ఇన్ని కారణాలు ఒక్కచోట చేరాయి.

సాధారణంగా బిషప్పుగారి భార్యే డయోసిస్ స్త్రీల మైత్రికి అధ్యక్షురాలు. ఎన్నిక ఉండదు, వివాహమే అర్హత. పుష్పలలిత పీఠమెక్కిననాడు ఆ ఆనవాయితీ ఏ ఊహ మీద నిలబడిందో బయటపడింది.

కథోలికుల్లో ఆ తలుపు మూసే ఉంది. స్త్రీలకు గురుపట్టం లేదు. 2021లో పోపు ఫ్రాన్సిస్ నియమం మార్చి, పూజలో పఠనం చేసే, పీఠం వద్ద సహాయపడే పరిచర్యలను స్త్రీలకు లాంఛనంగా ఇచ్చాడు. తెలుగు విచారణల్లో సిస్టర్లూ ఉపదేశకుల ఇళ్ల ఆడపిల్లలూ ఈ పని అప్పటికే ఏళ్లుగా చేస్తున్నారు. ఇక్కడ కూడా వరస మారలేదు.

ఈ ప్రశంసలో ఒక చేదు కూడా కలపాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది. మిషన్ బడులు ఆడపిల్లలకు చదువుతోపాటు ఇంగ్లండు మధ్యతరగతి ఇల్లాలి నమూనాను కూడా నేర్పాయి. కుట్టు, అల్లిక, అణకువ, ఇల్లు చక్కదిద్దుకోవడం. పొలంలో మగవాడితో సమానంగా కలుపు తీసి, నాట్లు వేసి, సంతలో బేరమాడే స్త్రీకి 'నెమ్మదస్తురాలివై ఉండు' అన్న పాఠం కొంత వెనకడుగే. తెల్ల దొరసానులలో కొందరు తెలుగు స్త్రీని చెల్లెలిగా కంటే బిడ్డగా చూశారు, జీవితాంతం బిడ్డగానే చూశారు. నలభై ఏళ్లు పనిచేసిన బైబిలు స్త్రీ మీద నిన్న దిగిన ఇరవై అయిదేళ్ల మిషనరీ పెత్తనం చేయడం మామూలే. ఆ పెత్తనం మిషనరీలతో పోలేదు. వాళ్లు వెళ్లాక కమిటీ కుర్చీల్లో కూర్చున్న మన పెద్దలు దాన్ని జాగ్రత్తగా కాపాడారు. ఆస్తుల వివాదాలు, కోర్టు కేసులు, ఎన్నికల ముఠాలతో నలిగిన సంఘాల్లో పాస్టరేట్ కమిటీల కూర్పు చూడండి. ఆదివారం బెంచీల్లో సగానికి పైగా స్త్రీలు, సోమవారం కమిటీ బల్ల చుట్టూ ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరికీ అప్పగించేది ఎక్కువగా పండుగ భోజనాల ఏర్పాట్లే.

చేయవలసిన పని ఒకటి చేతికందేంత దగ్గరలో ఉంది. తెలుగు సంఘాలు శతాబ్ది, శతాధిక జూబిలీలు చేసుకుంటున్నాయి. ప్రతి జూబిలీకీ ఒక సంచిక వస్తుంది. దాంట్లో పనిచేసిన పాస్టర్ల పేర్లు, వారి కాలాలు, ఫొటోలు వరసగా ఉంటాయి. స్త్రీల మైత్రికి ఒక పేజీ, ఒక గ్రూపు ఫొటో. ఆ సంచిక వేసేవారు బాప్తిస్మపు రిజిస్టర్లతో పాటు పాత జీతాల పట్టీలు కూడా తెరవాలి. బైబిలు స్త్రీల, ఆయాల, బోర్డింగు మేట్రన్ల, నర్సుల పేర్లు అక్కడ సంతకాలుగానో వేలిముద్రలుగానో ఉంటాయి. రిటైరైన నర్సులు, వయసు మళ్లిన పాస్టరమ్మలు, బైబిలు స్త్రీల కూతుళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లకు ఇంటిపేర్లు తెలుసు, ఊర్లు తెలుసు, ఏ ఇంటి అరుగు మీద ఎవరు కూర్చున్నారో తెలుసు. ఈ ఏడాది వేసవి సెలవుల్లో యూత్ పిల్లలను ఫోన్లతో వాళ్ల దగ్గరికి పంపి, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయిస్తే వచ్చే జూబిలీ సంచికకు సరిపడా పేజీలు తయారవుతాయి.